నాలుక లేని గంట

కిందటి వారం మిమ్మల్ని మా ముందుగదిలో, సరుగుడు చెట్టు ఎదురుగా నిలబెట్టి వెళ్ళిపోయాను. తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, తప్పులేదు. ఆ సాయంకాలం నేను తిట్టుకున్నన్ని తిట్లు మీరెవరూ తిట్టుకుని ఉండరు. కాకపోతే అవన్నీ లోపల్లోపలే.

మొదటిసారి చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. నా పేరు దేవకృప. పుట్టిల్లు కార్ఖానా పేటలో, అత్తిల్లు మెట్టుగూడలో. మా వారు యెషయా బేగంపేటలో ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తా. ఆయనకు నేను రెండో భార్యను. మొదటావిడ సువార్త, చెల్లెలి పెళ్లిపనులకని దివిసీమలో పుట్టింటికి వెళ్ళి, ఉప్పెనలో పోయింది. ఆరేళ్లయింది. శవం దొరకలేదు. పోయిందని అందరూ అన్నారు, నేనూ నమ్మాను, చర్చి రిజిస్టర్లో అయ్యగారూ అలాగే రాశారు. ఆ తర్వాత నన్ను చేసుకున్నారు. ఇప్పుడు నాకు అయిదో నెల.

ఇక చెట్టు సంగతి. మా కార్ఖానా ఇంట్లో క్రిస్మస్ చెట్టంటే, సరుగుడు కొమ్మ తెచ్చి, ఇసుక పోసిన డాల్డా డబ్బాలో గుచ్చి, మందులషాపు దూదిని మంచులా పరిచి, రంగుకాగితాల గొలుసులు వేసి, సీరియల్ బల్బులు చుట్టడం. అంతే, ఖతం. ఈ ఇంట్లో వాటన్నిటి మధ్యా మనిషికొక ఇత్తడి గంట వేలాడుతుంది. మా వారి తాతగారు దేవసహాయం రైల్వేలో ఇనుమూ ఇత్తడీ చెక్కే టర్నరు. పెరట్లో సొంత లేత్ మిషను పెట్టుకుని, ఇంట్లో బిడ్డ పుట్టినా కోడలు వచ్చినా నిమ్మకాయంత గంట చేసేవారట. బతికున్నవాళ్ల గంటకు లోపల నాలుక ఉంటుంది. మనిషి పోతే ఆ నాలుక తీసి శవపెట్టెలో వాళ్లతో పంపేస్తారు. గంట మాత్రం ప్రతి డిసెంబరులోనూ చెట్టెక్కుతుంది, మూగగా.

పండక్కి ముందొచ్చే ఆదివారం, దీపాలు పెట్టే వేళకి హాజరు పిలవాలి. ఇంటికి పెద్దావిడ, మా వారి నాయనమ్మ రోసమ్మ మామ్మగారు, వరసగా పేర్లు పిలుస్తారు. పిలిచినవాళ్లు తమ గంట ఊపాలి. పోయినవాళ్ల పేరు వస్తే మామ్మగారే తడుముకుంటూ వెళ్ళి ఊపుతారు. ఆవిడకి చూపు పోయి పదేళ్లయినా ఏ గంట ఏ కొమ్మకుందో మాకంటే ఆవిడకే బాగా తెలుసు. "మోగేది వింటే చాలదర్రా, మోగనిదాన్నీ వినాలి" అంటారు.

ఆ ఆదివారం సువార్త గంట ఊపితే మోగింది. తర్వాత నా పేరు పిలిస్తే నేను ఊపాను. నా గంట మోగలేదు. అక్కడ కదూ మిమ్మల్ని వదిలింది.

ఎవరం కదల్లేదు. వంటింట్లోంచి మాడువాసన మొదలైంది. మా అత్తగారు కాంతమణి గులాబీపువ్వుల పిండివంట వేస్తూ, అచ్చు నూనెలోనే వదిలి హాజరుకి వచ్చారు. బొట్టు నూనె కింద పడితే వారం రోజులు గుర్తుచేసే మనిషి, ఆ వాసన ముక్కుకి తగులుతున్నా కాలు కదపలేదు. దాన్ని బట్టి చూసుకోండి మా పరిస్థితి.

"ఇంకోసారి ఊపండి మామ్మగారూ" అన్నాను.

మామ్మగారు ఊపారు. మళ్ళీ మోగింది. సన్నగా, తేటగా. నిజం చెప్పొద్దూ, చెట్టు మీద ఉన్న అన్నిటిలోకీ మంచి గొంతు దానిదే. రెండేళ్లుగా ఆ గంటని చూస్తున్నాను, తుడుస్తున్నాను, వినడం మాత్రం అదే మొదటిసారి.

నాది విప్పి అరచేతిలో బోర్లించి చూశాను. లోపల చిన్న కొక్కెం మాత్రం ఉంది. కొక్కేనికి ఏమీ లేదు. శనివారం రాత్రి భోజనాలకి ముందు నేనే తుడిచి కట్టాను, అప్పుడు మోగింది. అందరూ విన్నారు.

"కృపా, ఏంటమ్మా ఈ పని?" అన్నారు అత్తయ్యగారు.

"ఏం పని?"

"నీ గంట నాలిక తీసి దానికి తగిలించావు. పండగపూట ఏంటీ వేళాకోళం? కడుపుతో ఉన్నావని ఊరుకుంటుంటే..."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోపమొస్తే నా నోట్లోంచి కార్ఖానా భాషే వస్తుంది. అత్తయ్యగారికి అది గిట్టదని తెలుసు, అయినా వచ్చేసింది. "ఏందత్తయ్యగారూ గిట్లంటరు? నా గంట నేను మూగ చేసుకుంటానా? ఈ ఇంట్లో నాలిక తీసుడంటే ఏందో నాకు తెల్వదా?"

"నీకు మొదట్నుంచీ ఆ గంట అక్కడుండటం ఇష్టం లేదు."

ఇష్టం లేదు. అబద్ధమెందుకు? సవతి పోయాక కూడా సవతే. కొత్తగా వచ్చిన ఏడాది ఆ గంటని వెనకవైపు కొమ్మకి మార్చాను కూడా. మామ్మగారు రెండు నిమిషాల్లో కనిపెట్టి మళ్ళీ ముందుకి తెచ్చారు. దాని మీద నాకున్న కుళ్లంతా ఒకటే: అది తాతగారు తన చేత్తో చేసింది. నేను వచ్చేసరికి ఆయన పోయారు కాబట్టి నాది మోండా మార్కెట్ దగ్గర ఎవరో టర్నరుకి డబ్బులిచ్చి చేయించింది. ఈ ఇంట్లో నేను కూడా అలాంటిదాన్నేనని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

"ఇష్టం లేకపోతే తీసి దాచేస్తాను గానీ మోగించుకుంటానా? చచ్చిపోయినావిడను మోగించి, బతికున్న నన్ను నేను మూగ చేసుకుంటే నాకేం వస్తది?" అన్నాను.

అత్తయ్యగారి దగ్గర ఇంకో మాట ఉంది, అది దాచుకోలేదు. "పొద్దున ఆరాధనలో మధ్యలో లేచి వెళ్ళావు. పావుగంట పైనే రాలేదు."

"వికారంగా ఉండి కుళాయి దగ్గర కూర్చున్నాను. అది కూడా తప్పేనా?"

మా వారు కిటికీ పక్కన, కుర్చీ వెనక నిలబడి ఉన్నారు. మామూలుగా అత్తకీ నాకూ మాటామాటా వస్తే ఆయన పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. ఆవేళ పేపరు బల్ల మీదే ఉంది. ఆయన చూపు సువార్త గంట మీద ఉంది. చెట్టుకి పరిచిన దూదిని కొంచెం కొంచెంగా పీకి వేళ్ల మధ్య ఉండలు చేస్తున్నారు. ఆ ఉండలు కింద పడుతున్నాయి. ఆయనకా సంగతి తెలుస్తున్నట్టు లేదు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. చెట్టు బల్బులూ, గుమ్మంలో వెదురుబద్దల నక్షత్రంలో బల్బూ ఒక్కసారే ఆరిపోయాయి. ఇది మా పేటలో రోజూ ఉన్న తక్లీఫే, మామూలుగా అయితే ఎవరూ పట్టించుకోరు. ఆవేళ మాత్రం అత్తయ్యగారు "ప్రభువా" అని గట్టిగానే అన్నారు. బయట ఇంకా కాస్త వెలుతురుంది. ఆవిడ చప్పున వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆర్పి, కొవ్వొత్తి వెలిగించుకొచ్చి బల్ల మీద పెట్టారు.

అప్పుడు నోరు విప్పారు మామ్మగారు.

"అదేంటే కాంతం, అమ్మాయి మీద పడతావు? ఆరాధన వదిలేసి ఇంటికొచ్చింది కదా. వచ్చి తన గంట తనే కట్టుకుంది."

నాకు అర్థం కాలేదు. "ఎవరొచ్చారు మామ్మగారూ?"

"నువ్వేనమ్మా."

"నేను రాలేదు."

"రాకపోవడమేంటి? పెరటి తలుపు గడియ పుల్లతో పైకెత్తి లోపలికొచ్చావు. నేనిక్కడే ఉన్నాను, ఈ కుర్చీలోనే. వికారం పుట్టి వచ్చేశావనుకున్నా."

పెరటి తలుపు గడియని సందులోంచి పుల్లతో ఎత్తొచ్చని బయటివాళ్లెవరికీ తెలియదు. నాకే పెళ్లయిన ఆర్నెల్లకి తెలిసింది. అత్తయ్యగారూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంతకు ముందు క్షణం దాకా కొట్టుకు చస్తున్న ఇద్దరమూ, నమ్మండి, ఒకరి పక్కకి ఒకరం జరిగాం.

"వచ్చి ఏం చేశాను మామ్మగారూ? మెల్లగా చెప్పండి" అన్నాను.

"చెప్పులు విప్పి వచ్చావు. చెట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డావు. దూది ముట్టుకున్నావు కాబోలు, సరుగుడు వాసన గుప్పుమంది. ‘మామ్మా, నా గంట ఏ పక్కనుంది?’ అన్నావు. నీ గంట నువ్వే కట్టుకుని మర్చిపోయావా అని నవ్వాను. కిటికీ వైపు కింది కొమ్మకి అని చెప్పాను. విప్పిన చప్పుడైంది. ‘ఇది నాది కాదు మామ్మా’ అన్నావు. అదే చూసుకోమ్మా, నాకు కనబడి చచ్చిందా అన్నాను. తర్వాత స్టూలు జరుపుకున్నావు. కాసేపటికి మోగింది. ఆ... దొరికిందిలే అనుకున్నా."

కిటికీ వైపు కింది కొమ్మకి ఉండేది నా గంట.

"‘మామ్మా’ అన్నానా?"

"అన్నావు. అదే కొంచెం కొత్తగా అనిపించింది. గొంతు కూడా జలుబు చేసినట్టుంది."

నేను ఆవిణ్ణి ఎప్పుడూ మామ్మా అనలేదు. మామ్మగారూ అనే అంటాను. పెళ్లయిన కొత్తలో అత్తయ్యగారే అలా పిలవమన్నారు. ఈ ఇంట్లో మామ్మా అని చనువుగా పిలిచేది మా వారు ఒక్కరే. ఆయన ఆరాధనలో మగవాళ్ల వైపు, నా కళ్లెదురుగానే కూర్చుని ఉన్నారు.

అత్తయ్యగారు కుర్చీలో కూలబడ్డారు. "సువార్త పిలిచేది అలా" అన్నారు. తర్వాత ఆవిడే మళ్ళీ, "అత్తయ్యా, మంచినీళ్లేమైనా తాగిందా?" అని అడిగారు.

"తాగింది. తాగి గ్లాసు కడిగి బోర్లించింది. వెళ్ళేముందు నా కాళ్ల మీద దుప్పటి సర్దింది. పిచ్చిపిల్ల, చేతులు ఎంత చల్లగా ఉన్నాయో."

అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. గట్టిగా పట్టుకున్నారు, నొప్పి పుట్టేంత. "మధ్యాహ్నం మనం వచ్చేసరికి కంచుగ్లాసు పళ్లెం పక్కన బోర్లించి ఉంది. అది సువార్త గ్లాసు. పై అరలో, వెనక, గుడ్డ చుట్టి పెట్టాను నేను. నువ్వు తీశావనుకుని నిన్ను తిట్టుకున్నాను కృపా."

ముసలావిడ కలగన్నదేమో అని చెప్పుకోవడానికి నాకింకా ఒక్క దారి ఉంది, అది కూడా ఆ గ్లాసుతో మూసుకుపోయింది. ఇంట్లోకి ఎవరో వచ్చారు. ఈ ఇంటి గుట్లన్నీ తెలిసినవాళ్లు. నీళ్లు తాగారు, గ్లాసు కడిగారు, నా గంట నాలుక తీసుకుని వెళ్ళిపోయారు. దొంగ అయితే బల్ల మీదున్న రేడియో తీసుకుపోవాలి గానీ గంట నాలుక ఎవడికి కావాలి?

ఇంకొక్క సంగతి తేలాలి. నేను స్టూలెక్కబోయాను. అత్తయ్యగారు వద్దని నన్ను ఆపి, తనే ఎక్కి సువార్త గంట విప్పి తెచ్చారు. దాన్ని నా చేతికివ్వలేదు, మామ్మగారి ఒళ్లో పెట్టారు.

"చూడండత్తయ్యా. ఎవరిదో మీరే చెప్పండి."

తాతగారు గంట మీద పేరు చెక్కేవారు కాదు. నాలుక మీద ఆకురాయితో గాట్లు పెట్టేవారు. ఆయనది ఒక గాటు, మామ్మగారిది రెండు, పోయిన మా మామగారు జకర్యాగారిది మూడు, అత్తయ్యగారిది నాలుగు, మా వారిది అయిదు. బజారు సరుకు కాబట్టి నా నాలుక మీద గాట్లే లేవు. ఈ గంటలో ఉన్నది నాదైతే నున్నగా ఉండాలి. అది నాదే కావాలని నేను ఎంత కోరుకున్నానో మీకు చెప్పలేను. నాదే అయితే, ఇది ఎవరో చేసిన కొంటెపని అని సరిపెట్టుకోవచ్చు.

మామ్మగారు నాలుకని కొక్కెం నుంచి తప్పించి, బొటనవేలి గోరుతో మెల్లగా గీరారు. గోరు గాటులో పడిన చప్పుడు మాకు వినిపించింది. ఒకటి. రెండు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. మూడు. నాలుగు. అయిదు దగ్గర ఆగి, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టారు.

"ఆరు" అన్నారు.

ఆరు సువార్తది.

నేను దాన్ని ఆవిడ చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. కొవ్వొత్తి దగ్గర పెట్టి చూశాను. ఆరు గాట్లున్నాయి. ఇక్కడ మీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. సువార్తకి పెట్టె లేదు, సమాధి లేదు. కాబట్టి వెతకబోయిన మా వారే ఆవిడ గంట నాలుకని వెంట పట్టుకెళ్ళి, ఆవిణ్ణి ముంచేసిన సముద్రంలోనే వేసి వచ్చారని ఈ ఇంట్లో అందరూ చెబుతారు. నాకు పెళ్లిచూపుల నాడు మా అత్తగారు కన్నీళ్లు పెట్టుకుని చెప్పిన మొదటి కథ అదే. ఆ కథ విని నేను జాలిపడి ఒప్పుకున్నాను.

"ఏమండీ, దీన్ని సముద్రంలో వేశానన్నారు కదా?" అన్నాను.

ఆయన తల ఊపారు.

"నోటితో చెప్పండి."

"వేశాను" అన్నారు.

"సముద్రం నీళ్లలో పడిన ఇత్తడి చిలుం పట్టదా? పచ్చగా అయిపోదా? చూడండి ఇదెట్లుందో. చిలుం లేదు, మరక లేదు. రోజూ చేత్తో రుద్దుకున్నట్టు మెరుస్తోంది. గాట్ల అంచులు సుత అరిగిపోయినయ్."

ఆయన చూడలేదు. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. మెట్టుగూడ యార్డులో ఏదో బండి షంటింగు చేస్తున్నారు, డబ్బాలు డబ్బాలకి తగిలిన చప్పుడు ఒకదాని తర్వాత ఒకటి వచ్చింది.

నాకు ఆ కాస్సేపట్లో వచ్చిన ఆలోచన చెబుతాను. సువార్త బతికుంటే నేనెవర్ని? రిజిస్టర్లో మా వారి పేరు పక్కన భార్య మరణించినవాడు అని ఉంది. దాని కింద నేను సంతకం పెట్టాను, మా నాన్న పెట్టాడు, సాక్షులు పెట్టారు. ఆ ఒక్క మాట తప్పైతే నా పెళ్లి పెళ్లి కాదు. నేను ఎవరి భార్యనీ కాదు. నా కడుపులో ఉన్నది ఈ ఇంటి బిడ్డ అవునో కాదో రేపు అయ్యగారిని అడిగి తెలుసుకోవాలి. ఎవరి ఇంట్లోనో రెండేళ్లు వండి వడ్డించిన మనిషినవుతాను. ఆవిడ వచ్చి ‘ఇది నాది కాదు మామ్మా’ అని నా గంట పక్కన పెట్టింది. నేను ఈ ఇల్లంతా అలా పక్కన పెట్టాలా? నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి భయం వల్ల వచ్చాయో ఉక్రోషం వల్ల వచ్చాయో నాకు తెలీదు. రెండూ అయి ఉంటాయి.

"యెషయా" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ కొడుకుని పేరు పెట్టి పిలవడం నేనప్పటిదాకా వినలేదు, ఎప్పుడూ నానా అనే అంటారు. "ఒరేయ్, నేను నీకు నా చేత్తో ఇచ్చాను దాన్ని. రుమాల్లో మూటకట్టి ఇచ్చాను. కోడలు కనబడితే తీసుకురా, కనబడకపోతే ఇది నీళ్లలో వదిలిరా అన్నాను. పదకొండు రోజులు తిరిగి వచ్చావు. అమ్మా, వదిలేశాను అన్నావు. వచ్చి నా ఒళ్లో తలపెట్టి ఏడ్చావు. అవునా కాదా?"

"అవును."

"నీళ్లలో వదిలావా?"

ఆయన కుర్చీ వెనకనుంచి ఇవతలికి వచ్చారు. కూర్చుంటారనుకున్నాను, కూర్చోలేదు. కొవ్వొత్తి వెలుగు కిందనుంచి పడి ఆయన ముఖం నాకు తెలిసిన ముఖంలా లేదు. ఆయనకి ముప్పై నాలుగేళ్లు. ఆ క్షణాన అరవై ఏళ్లవాడిలా ఉన్నారు.

"లేదమ్మా" అన్నారు.

మామ్మగారు తల పైకెత్తారు. అత్తయ్యగారు మళ్ళీ నా చెయ్యి పట్టుకున్నారు.

"తొమ్మిదో రోజున కనబడింది. ఒక బడి వరండాలో పడుకోబెట్టారు. వరసగా చాలామంది... పైన గోనెపట్టాలు కప్పారు. ఎవరివాళ్లని వాళ్లు వెతుక్కోమన్నారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఒక్కొక్క పట్టా ఎత్తి చూస్తూ వెళ్లాను. చివరినుంచి రెండోది. ముఖం చూసి గుర్తుపట్టలేకపోయాను. ఎడమ చేతి మీద కాలిన మచ్చ ఉంది కదా, గులాబీపువ్వుల నూనె పడి. దాన్ని బట్టి పోల్చుకున్నాను."

"దొరికిందా! దొరికితే దొరకలేదని ఎందుకు చెప్పావురా?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ గొంతులో కోపం కంటే ఆశే ఎక్కువగా ఉంది. నాకూ ఆశ పుట్టింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. దొరికింది, చనిపోయింది, వరండాలో పడుకోబెట్టారు. అయితే నా పెళ్లి పెళ్లే. ఈ నాలుకని మళ్ళీ ఎవరు తెచ్చారో తర్వాత చూసుకోవచ్చు, ముందు నాకు ఊపిరి ఆడింది.

"తాతయ్య చెప్పినట్టే చేద్దామనుకున్నాను" అన్నారు ఆయన. ఇప్పుడు ఆయన మాతో మాట్లాడటం లేదు. ఎవరితో మాట్లాడుతున్నారో తెలీదు. "పెట్టె లేకపోతేనేం, మనిషి ఉంది కదా. కుడిచెయ్యి పట్టుకుని, వేళ్లు విప్పి, అరచేతిలో పెట్టాను. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకోబోయాను."

"తర్వాత?" అన్నాను.

"వేళ్లు మూసుకున్నాయి కృపా."

నాకు ముందు ఆ మాట ఎక్కలేదు. ఎక్కాక, పెళ్లయిన రెండేళ్లలో మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాను.

"బతికే ఉందన్నమాట. నువ్వేం చేశావు?"

ఆయన నా వంక చూశారు. అబద్ధం చెప్పే ఓపిక ఆ ముఖంలో ఇంక లేదు.

"పట్టా మళ్ళీ ముఖం మీదికి కప్పి, వచ్చేశాను."